పద్మాలయం వద్మాలయం కాకూడదంటే

"తెలుగక్షరాలు చెక్కలో కొయ్యడానికి పనికిరావండీ, విరిగిపోతాయి. హాయిగా ఇంగ్లీషులో కొయ్యించుకోండి."

ఈ మాట గత రెండేళ్ళలో నేను పదిసార్లైనా విని ఉంటాను. అన్నవాళ్ళలో అమెరికన్లూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. అమెరికన్లు అంటే సరే, వాళ్ళకి మన లిపి జంతికల చుట్టలా కనిపిస్తుంది. మనవాళ్ళు కూడా అదేదో ప్రకృతి నియమం అన్నట్టు తలాడించి ఊరుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ టపా. విరిగేది తెలుగు కాదు, చెక్క. చెక్క ఎక్కడ విరుగుతుందో దానికో లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే ఏ లిపైనా నిలబడుతుంది, తెలియకపోతే ఏ లిపైనా విరుగుతుంది. ఇంతకీ నే చెప్పొచ్చేది ఇదే. ఓపికున్నవాళ్ళు మిగతాది చదవండి.

ముందు నా గురించి రెండు ముక్కలు. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు, చేసేది జావా. మన రాష్ట్రాల్లో ఇదేమంత వింత కాదు కాబట్టి సంజాయిషీ అక్కర్లేదు. చదివిన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ నాకు ఆఫీసులో ఒక్కరోజూ అక్కరకి రాలేదు గానీ, శనివారాల్లో మాత్రం తెగ పనికొస్తోంది. మిషిగన్‌లో మేముండే ఊళ్ళో నెలకింతని కడితే ఎవరైనా వెళ్ళి పనిచేసుకునే వర్క్‌షాపు ఒకటుంది. అందులో ఓ మూలన ఉండే స్క్రోల్ సా అనే రంపం మీద నేను చెక్కలో పేర్లు కోస్తుంటాను.

స్క్రోల్ సా చూడనివాళ్ళు కుట్టుమిషను ఊహించుకోండి. సూది బదులు సన్నటి బ్లేడు నిలువుగా పైకీ కిందకీ ఆడుతుంటుంది. గుడ్డ తిప్పినట్టు మనం చెక్కని తిప్పుతూ గీత వెంట తీసుకెళ్తాం. బ్లేడు అయిదంగుళాల పొడుగు, వెడల్పు అగ్గిపుల్లంత కూడా ఉండదు. అందుకే ఎంత మెలికైనా తిరుగుతుంది. అక్షరం లోపల ఖాళీ కొయ్యాలంటే అక్కడో చిన్న బెజ్జం వేసి, బ్లేడు ఓ కొస ఊడదీసి, బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ బిగించి కోస్తాం. ఆ దూర్చడమూ సూదిలోకి దారం ఎక్కించడం లాంటిదే.

సరే, అసలు విషయానికొద్దాం. మా ఫ్రెండొకడు పోయినేడాది ఇల్లు కొన్నాడు. వాళ్ళమ్మగారి పేరు పద్మావతి. వీడి చదువు కోసం బాపట్ల దగ్గర ఉన్న ఎకరంన్నరా అమ్మేసిన మనిషి. అందుకని ఇంటికి 'పద్మాలయం' అని పేరు పెట్టుకున్నాడు, తలుపు పక్కన చెక్కలో కొయ్యించి పెడదామనుకున్నాడు. పేర్లు కోసి అమ్మే ఓ దుకాణానికి వెళ్తే, వాళ్ళు తెలుగు ప్రింటవుటు అటూ ఇటూ తిప్పి చూసి, పైన నే చెప్పిన డైలాగే చెప్పారు. వీడు సరేనని ఇంగ్లీషులో కొయ్యించుకొచ్చాడు. గృహప్రవేశానికి అమ్మగారు వచ్చారు. ఆవిడ చదివింది అయిదో తరగతి. తెలుగు పేపరు మొదటి పేజీ నించి సినిమా ప్రకటనల దాకా వదలకుండా చదువుతారు, ఇంగ్లీషు మాత్రం రాదు. గుమ్మం దగ్గర ఆగి, "ఏంటి నాన్నా అది, ఏదో రాసుందీ?" అని అడిగారు. "నీ పేరేనమ్మా" అన్నాడు వీడు. "ఓహో, బావుంది నాన్నా" అని లోపలికెళ్ళిపోయారు.

ఆవిడేం బాధపడలేదు. వీడే పడ్డాడు. మర్నాడు ఆఫీసు నించి ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వా రంపంతో ఏదో చేస్తుంటావుగా, తెలుగులో నిజంగా రాదంటావా?" అన్నాడు.

రాకేం! కానీ ఎలా వస్తుందో చెప్పాలంటే చెక్క గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

చాలామంది మొదట పడే భ్రమ ఏంటంటే, గట్టి చెక్క కొంటే విరగదని. గట్టిదనాన్ని కొలవడానికి జాంకా పరీక్ష అని ఒకటుంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండుని సగం లోతు దాకా చెక్కలోకి నొక్కడానికి ఎంత బలం కావాలో చూస్తారు. ఆ లెక్కలో చెర్రీకి 950 పౌండ్లు, బ్లాక్ వాల్‌నట్‌కి 1010, ఇక్కడ మిషిగన్ అడవుల్లో పెరిగే హార్డ్ మేపుల్‌కి 1450. అంకె పెద్దదైతే చెక్క మొండిదనుకుని జనాలు మేపుల్ కొనేస్తారు. కానీ ఈ పరీక్ష చెప్పేది నేల మీద కుర్చీ కాలు గుంట పడుతుందా లేదా అన్నది. సన్నగా కోసిన ముక్క పుటుక్కున విరుగుతుందా లేదా అన్నది వేరే సంగతి. అది తెలియాలంటే చెక్కలో నారలు ఎటు పోతున్నాయో చూడాలి. దాన్నే గ్రెయిన్ అంటారు.

కట్టెలు కొట్టేవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? మొద్దుని నిలబెట్టి పైనించి గొడ్డలి వేస్తారు. ఒక్క దెబ్బకి రెండుగా చీలుతుంది. అదే మొద్దుని అడ్డంగా తెంచాలంటే చెమటలు పడతాయి. మొద్దు ఒకటే, గొడ్డలీ ఒకటే. తేడా అంతా నారలది. నార వెంట లాగితే చెక్క ఎంతో ఓర్చుకుంటుంది. నారకి అడ్డంగా లాగి విడదీస్తే మాత్రం సాధారణంగా అందులో పదోవంతు బలానికే విడిపోతుంది. మేపులైనా, టేకైనా, వాల్‌నటైనా ఇదే కథ. గట్టి చెక్క కూడా పక్కపక్కనే అంటించిన పుల్లల కట్టే.

ఇప్పుడు ఈ కట్టలో ఓ సున్నా కొయ్యండి. నారలు అడ్డంగా, అంటే ఎడమ నించి కుడికి పోతున్నాయనుకుందాం. గడియారం ముఖంలో 12 దగ్గరా 6 దగ్గరా గీత నార వెంటే పోతోంది కాబట్టి అక్కడ నారలు పొడుగ్గా ఉంటాయి, భయం లేదు. 3 దగ్గరా 9 దగ్గరా గీత నిలువుగా దిగుతుంది, నారలు దాన్ని అడ్డంగా దాటుతాయి. అంటే అక్కడ ఒక్కో నార పొడుగు గీత వెడల్పంతే. పావంగుళం గీతైతే పావంగుళం పుల్లలు ఒకదానిమీదొకటి పేర్చినట్టన్నమాట. వేలితో నెడితే చాలు, రెండు పుల్లల మధ్య విడిపోతుంది. దీన్ని షార్ట్ గ్రెయిన్ అంటారు. ఈ పనిలో విరిగే వాటిలో ఎక్కువ భాగం విరిగేది ఇక్కడే.

మా వర్క్‌షాపులో విరిగిన ముక్కలు పడేసే రేకు డబ్బా ఒకటుంది. ఓరోజు పనిలేక అందులోవన్నీ బల్ల మీద పోసి చూశాను. ఇంగ్లీషు ఎస్‌లూ, ఓలూ, సీలూ, 'వెల్‌కమ్'లో తోకలూ. దాదాపు అన్నీ 3 దగ్గరో 9 దగ్గరో, నారల వెంట నున్నగా విరిగాయి. ఒక్క తెలుగక్షరం లేదు. నిజానికి ఉండే అవకాశమూ లేదులెండి, అక్కడ తెలుగు కోసేది నేనొక్కణ్ణే :)

ఇందులో ఓ తమాషా ఉంది. గంటంతో తాటాకు మీద అడ్డగీతలు గీస్తే ఆకు ఈనెల వెంట చీలిపోతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయనీ చిన్నప్పట్నించీ వింటున్నాం కదా. అంటే ఆ గుండ్రం ఆకుని కాపాడిందన్నమాట. అదే గుండ్రం చెక్క దగ్గరకొచ్చేసరికి ప్రతి అక్షరానికీ రెండు బలహీనమైన చోట్లు తెచ్చిపెడుతోంది. ఇంగ్లీషు 'ఐ', 'ఎల్' లాంటి కర్ర అక్షరాలకైతే నారని గీత వెంట తిప్పుకోవచ్చు. సున్నాని ఎటు తిప్పినా రెండు చోట్ల షార్ట్ గ్రెయిన్ తప్పదు. దుకాణం వాళ్ళన్న దాంట్లో నిజం ఉన్నది ఈ మేరకే.

అయితే గుండ్రానికి ఓ లాభమూ ఉంది. ఏ వస్తువైనా లోపలి మూల ఎంత పదునుగా ఉంటే అక్కడ ఒత్తిడి అంత పోగవుతుంది. ఇంగ్లీషు కే, ఎమ్, ఎన్ నిండా అలాంటి మూలలే. మన ల, య, ద లాంటి వాటిలో అవి తక్కువ, ఒత్తిడి మెల్లగా సర్దుకుంటూ పోతుంది. కాబట్టి లెక్క ఏకపక్షం కాదు.

ఇహ ముక్కల సంగతి. "మీ అక్షరాలు విడివిడిగా ఉంటాయి, ఒక్క చెక్కలో రావు" అన్నది ఇంకో ఆరోపణ. లెక్కపెడదాం రండి. పద్మాలయం అని మామూలు ఫాంటులో టైపు చేసి ప్రింటు తీసి, కత్తెరతో కత్తిరిస్తే ఎన్ని ముక్కలు రాలతాయి? ప ఒళ్ళు ఒకటి, దాని తలకట్టు ఒకటి, దా ఒకటి, కింద మావత్తు ఒకటి, ల, య, సున్నా. వెరసి ఏడు. అదే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో? పది. ముక్కల లెక్కలో ఇంగ్లీషే ఎక్కువ! మరి ఇంగ్లీషు ఒక్క చెక్కలో ఎలా వస్తోందంటే, కోసేవాళ్ళు అక్షరాల్ని దగ్గరికి జరిపి ఒకదానిలోకి ఒకటి చొప్పిస్తారు, లేదా కింద ఓ పట్టీ గీసి అన్నిటినీ దానిమీద నిలబెడతారు. అంటే ఎవరో కూర్చుని ఆలోచించారు కాబట్టి వస్తోంది. హిందీకి ఆ శ్రమ తక్కువ, పైన శిరోరేఖ ఎలాగూ ఉంది, బట్టలు ఆరేసిన దండెంలా అక్షరాలన్నీ దానికే వేలాడతాయి. మనకి దండెం లేదు, మనమే కట్టుకోవాలి.

కట్టుకోవడంలోనే ఉంది కిటుకంతా. విడిగా ఉన్న ముక్కని దగ్గర్లో ఉన్న గీతకి ఓ చిన్న వంతెన వేసి కలిపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇంగ్లీషులో సరిపోతుంది, చిన్న 'ఐ' మీద చుక్కని కిందికి కలిపినా ఎవరూ ఇంకోలా చదవరు. తెలుగులో అలా కాదు. ప తలకట్టు ఒంటికి తగలదు, వ తలకట్టు తగులుతుంది. ఈ రెండక్షరాలకీ ఉన్న తేడా అంతా ఆ సందే. తలకట్టు ఊడిపోతోందని దాన్ని కిందికి అతికించామా, పద్మాలయం కాస్తా వద్మాలయం అయి కూర్చుంటుంది. అలాగే ఠ లో చుక్క రాలిపోతే ర మిగులుతుంది. ధ కింద పొట్టలో గీత విరిగితే ద మిగులుతుంది. ధనలక్ష్మి గారి ఇంటి ముందు దనలక్ష్మి అని వేలాడుతుందన్నమాట. తెలుగు చదవని మనిషి చేతికి ఈ పని ఇస్తే, చెక్క విరగకుండానే పేరు విరుగుతుంది. కాబట్టి ఈ గీతలు గియ్యాల్సింది మనమే. రంపం ఎవరు పట్టినా ఫర్లేదు, పెన్సిలు మాత్రం తెలుగు చదివే చేతిలో ఉండాలి.

పద్మాలయానికి నేను చేసిన ఏర్పాటు చెప్తాను. చెక్క 18 అంగుళాల పొడుగు, 7 అంగుళాల వెడల్పు, ముప్పావంగుళం మందం ఉన్న హార్డ్ మేపుల్. ఓక్ ఎందుకు కాదంటే, దాని రంధ్రాలు పెద్దవి, సన్నటి చోట్ల అంచులు రాలుతుంటాయి. మేపుల్ ఒత్తుగా, నున్నగా ఉంటుంది, సన్నటి పని బాగా నిలబెడుతుంది. నారలు పొడుగు వెంట. పేరుకి పైనొక పట్టీ, కిందొక పట్టీ, రెండూ నార వెంటే పోతాయి కాబట్టి ఉక్కు కమ్మీల్లా ఉంటాయి. ప తలకట్టుని ఒంటికి కాకుండా పై పట్టీకి కలిపాను. తలకట్టు నిలబడింది, ప ప లాగే ఉంది. అక్షరాలన్నీ కింది పట్టీ మీద కూర్చున్నాయి, మావత్తు అదే పట్టీ కింద నించి వేలాడింది.

రెండో పని, అక్షరాల్ని దగ్గరికి జరపడం. ఇందాక అనుకున్నాం కదా, గుండ్రానికి బలహీనమైన చోట్లు 3 దగ్గరా 9 దగ్గరా అని. పక్కపక్క అక్షరాలు తగిలేది కూడా సరిగ్గా అక్కడే! ల కుడి పొట్టా య ఎడమ పొట్టా కాస్త ఒకదాంట్లోకి ఒకటి వెళ్ళేలా జరిపితే, రెండు సన్నటి గీతలు కలిసి ఒక వెడల్పాటి గీతవుతాయి. అపార్టుమెంట్లలో పక్కింటికీ మనకీ ఉమ్మడి గోడ ఉన్నట్టు. చదవడానికి ఏ ఇబ్బందీ లేకుండా ఎంత దగ్గరికి జరపొచ్చో కళ్ళతో చూసి తేల్చుకోవాల్సిందే, దానికి సూత్రం లేదు.

మూడోది, ఫాంటు. పుస్తకాల కోసం చేసిన ఫాంట్లలో గీత ఓ చోట లావుగా, ఓ చోట వెంట్రుకలా ఉంటుంది. కాగితం మీద అందం, చెక్కలో గండం. రామభద్ర లాంటి హెడ్డింగుల ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి, గీత బొద్దుగా ఉంటుంది, మొదలెట్టడానికి అవి మేలు. దానిమీద నిలువుగా దిగే గీతల్ని నేను ఇంకో సగం వెడల్పు పెంచుతాను. ఇక్కడే ఆ పాత సబ్జెక్టు పనికొచ్చేది. పక్కకి నెట్టే బలానికి గీత ఎంత ఆగుతుందన్నది దాని వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది. చెక్క మందం రెట్టింపు చేస్తే బలం రెండింతలే, గీత వెడల్పు రెట్టింపు చేస్తే నాలుగింతలు. వెడల్పు ఒకటిన్నర రెట్లు చేసినా రెండుంపావు రెట్ల బలం వస్తుంది. కాబట్టి లావు చెక్క కొనడం కన్నా లావు గీత గియ్యడం చవకా, మంచిదీనూ. నా మటుకు నేను ముప్పావంగుళం మేపుల్‌లో నార వెంట పోయే గీత పావంగుళానికి తగ్గనివ్వను, నారకి అడ్డంగా పోయేది ఇంకా వెడల్పు ఉండాల్సిందే.

ఇవన్నీ అయ్యాక కాగితం పరీక్ష. గీసింది దళసరి కాగితం మీద ప్రింటు తీసి, బ్లేడుతో కత్తిరించి, ఓ మూల పట్టుకుని ఎత్తండి. ఏదైనా రాలిపోతే వంతెన మర్చిపోయినట్టు. ఏదైనా వేలాడిపోతే అక్కడ ఆసరా చాలనట్టు. మా భాషలో చెప్పాలంటే ఇది యూనిట్ టెస్టు. పది నిమిషాల పని, పదిహేను డాలర్ల చెక్కని కాపాడుతుంది.

ఇప్పుడు రంపం దగ్గరకి. ఇక్కడ చెప్పాల్సినవి వరసగా చెప్పేస్తాను.

1. శాండ్ పేపరు పని కొయ్యకముందే పూర్తి చెయ్యాలి. కోసిన తర్వాత సన్నటి తోకల మీద మిషనుతో రుద్దితే అది పట్టుకుని లాగేస్తుంది.

2. బల్లలో బ్లేడు దిగే కన్నం పెద్దదిగా ఉంటుంది. సన్నటి ముక్క ఆ కన్నం మీదకొచ్చినప్పుడు కింద ఆధారం ఉండదు, బ్లేడు పైకొచ్చేటప్పుడు ముక్కని ఎగరేస్తుంది, దిగేటప్పుడు బల్లకేసి కొడుతుంది. ఓ పాత ప్లాస్టిక్ కార్డుకి బ్లేడు పట్టేంత బెజ్జం వేసి, ఆ కన్నం మీద టేపుతో అంటిస్తే చాలు, సగం విరుగుళ్ళు ఆగిపోతాయి.

3. చెక్క మీద ముందు వెడల్పాటి టేపు, దానిమీద గీసిన కాగితం. మేపుల్, చెర్రీ తొందరగా మాడతాయి, టేపు ఉంటే ఆ మాడు తగ్గుతుంది. ఇంకో లాభం, పని అయ్యాక కాగితం టేపుతో సహా వస్తుంది. నేరుగా చెక్కకే జిగురుతో అంటించి, ఆఖర్న పీకేటప్పుడు తోకలు విరగ్గొట్టుకునేవాళ్ళు చాలామంది.

4. లోపలి ఖాళీలు ముందు, బయటి అంచు చివర. బయట చెక్కంతా ఉన్నంతసేపూ లోపలి పనికి పట్టు ఉంటుంది. లోపలివాటిలోనూ గట్టి చోట్లు ముందు, అన్నిటికన్నా నాజూకుది ఆఖర్న.

5. ఊడొచ్చిన చెత్త ముక్కలు పారెయ్యకండి. వాటినే మళ్ళీ ఖాళీలో కూర్చోబెట్టి పైన టేపు వేస్తే, పక్క గీత కోసేటప్పుడు అవే ఆసరా.

6. ముప్పావంగుళం గట్టి చెక్కకి 5వ నంబరు బ్లేడు చాలు. బిగుతుగా ఉండాలి, వేలితో మీటితే తీగలా మోగాలి. మొద్దుబారిందనిపిస్తే మార్చెయ్యండి. మొద్దు బ్లేడు కొయ్యదు, మనం తొయ్యాల్సొస్తుంది. చెక్క విరిగేది ఆ తోపుకే. బ్లేడు ఖరీదు కాఫీ ఖరీదు కన్నా తక్కువ.

7. ఇక్కడి చలికాలంలో హీటర్లు వేసిన ఇళ్ళు బాగా పొడిబారతాయి. కొనుక్కొచ్చిన చెక్కని ఇంట్లో ఓ రెండు వారాలు ఊరికే ఉంచి, తర్వాత కొయ్యండి. కుదించుకుపోవాల్సిందేదో ముందే కుదించుకుపోతుంది.

ఇంత చేసినా ఎప్పుడైనా ఓ తోక విరిగితే ఏడవక్కర్లేదు. నార వెంట విడిపోయిన ముక్క రెండు ముఖాలూ నున్నగా ఉంటాయి, మామూలు చెక్క జిగురు రాసి ఓ రాత్రి బిగించి ఉంచితే చెక్కతో సమానంగా పట్టుకుంటుంది. చెక్క విరిగే తీరులోనే దాని మందూ ఉంది.

ఇదంతా విని మా ఆఫీసులో ఒకాయన, "ఇంత గొడవెందుకు, లేజరుతో కోయించు" అన్నాడు. లేజరు తొయ్యదు కాబట్టి కోసేటప్పుడు విరగదు, నిజమే. కానీ కోసిన మర్నించీ ఆ పేరు గోడ మీద ఉండాలి, దుమ్ము దులపాలి, ఇల్లు మారితే పెట్టెలో సర్దాలి. షార్ట్ గ్రెయిన్ లేజరుకి కనపడదు, గీసినవాడికి కనపడాలి. ఇంకొకాయన ప్లైవుడ్ అన్నాడు. అందులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటిస్తారు కాబట్టి ఏ దిశలోనూ మరీ బలహీనంగా ఉండదు. మరీ నాజూకు పేర్లకి నేనూ అదే వాడమంటాను. కృష్ణవేణి అని కొయ్యాలంటే మేపుల్‌తో కుస్తీ పట్టడం పౌరుషమే గానీ తెలివి కాదు.

ఇంకో దారీ ఉంది. అక్షరాల్ని విడివిడిగానే కోసి, వెనక వేరే రంగు చెక్క పెట్టి అంటించెయ్యడం. దీన్ని మోసం అనుకునేవాళ్ళున్నారు. నేననుకోను. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే పనివాళ్ళని తల్చుకోండి. టేకు దిమ్మ మీద అంత సన్నటి లతలూ, గీతలూ చెక్కుతారు, వాటిని గుడ్డ మీద మళ్ళీ మళ్ళీ కొట్టి అద్దినా నిలబడతాయి. ఎందుకంటే గీత కిందంతా దిమ్మ ఉంది. గీత అందం చూసుకుంటుంది, దిమ్మ బలం చూసుకుంటుంది. మన లిపికి అదే నప్పితే అదే చెయ్యాలి. కాకపోతే వెనక చెక్క నారలూ అక్షరాల నారలూ ఒకే దిశలో ఉండేలా చూసుకోండి, లేకపోతే ఋతువు మారినప్పుడు అదోవైపూ ఇదోవైపూ లాక్కుని పగుళ్ళిస్తాయి.

నాలుగు సాయంత్రాలు పట్టింది పద్మాలయానికి. ఇంగ్లీషులో అయితే రెండు పట్టేదేమో. ఆ రెండు సాయంత్రాల తేడానే మనవాళ్ళు "తెలుగులో రాదు" అంటారు. రాకపోవడం వేరు, ఇంకో రెండు సాయంత్రాలు పట్టడం వేరు. కంప్యూటర్లలోనూ ఇదే పాట పాడారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి ఏవేవో సెట్టింగులు మారిస్తే తప్ప ఒత్తులు కుదురుగా కనపడేవి కావని మా సీనియర్లు చెప్తారు. యూనికోడ్‌లో 1991 నించే తెలుగుకి చోటుంది. ఆ చోటులో పడ్డ అక్షరాలు తెర మీద ఒత్తులతో, గుడులతో సరిగ్గా కూర్చోవాలంటే ఎవరో కూర్చుని ప్రతి కలయికకీ పద్ధతి రాయాల్సొచ్చింది. రాశారు. ఇవాళ ఫోన్లో తెలుగు టైపు చేసేవాడెవడూ తెలుగు కంప్యూటర్లో రాదు అనడు. లిపిని పనిముట్టుకి తగ్గించలేదు, పనిముట్టుకి లిపి నేర్పారు. రంపానికైనా అంతే.

పద్మావతిగారు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారు. వీడు ఫోటో తీసి పంపితే, "మావత్తు కాస్త చిన్నదైంది నాన్నా" అన్నారట. నాకది అన్నిటికన్నా నచ్చింది. ఇంగ్లీషు బోర్డు చూసి బావుందన్న మనిషి, తెలుగు బోర్డుకి వంక పెట్టారు. చదవగలిగితేనే కదా వంక పెట్టేది!

మొదలెట్టాలనుకునేవాళ్ళకి చివరిగా ఓ సలహా. ముందు కమల, లలిత లాంటి పేర్లు కొయ్యండి. ఒత్తులుండవు, చేతికి రంపం అలవాటవుతుంది. తర్వాత పద్మ, రమ్య. మూణ్ణెల్లు పోయాక శ్రీలక్ష్మి. మీ ఆవిడ పేరు జ్యోత్స్న అయితే మాత్రం ప్లైవుడ్ కొనుక్కుని, ముందే క్షమాపణ చెప్పుకుని మొదలుపెట్టండి.